మీరెవరు? మీరేం చూడవచ్చు? – మన మార్కుల పేజీకి వేసిన తాళాల కథ



ప్రతి ఏడూ ఈ సంచికకు కంప్యూటర్ల గురించి నాలుగు ముక్కలు రాయమని కమిటీవారు అడుగుతారు, నేను ఏదో ఒకటి రాసి ఇస్తాను, దాన్ని అడ్వర్టైజుమెంట్లకీ గ్రూపు ఫోటోలకీ మధ్య ఎక్కడో వేస్తారు. ఈసారి మాత్రం విషయం వెతుక్కోవలసిన పని పడలేదు. "మార్కుల పేజీకి పాస్‌వర్డులన్నీ ఎందుకు మార్చేశారండీ, పాతవే బాగున్నాయి కదా" అని కనీసం ఇరవైమంది అడిగారు. అందరికీ విడివిడిగా చెప్పడం కంటే ఒకసారి పాఠంలా రాస్తే మేలనిపించింది. పిల్లలు కూడా చదవాలి. నిజానికి ఈ తప్పు పట్టుకున్నది ఒక చిన్నపిల్లే.

ముందు జరిగింది చెబుతాను. మన బడి పిల్లల మార్కులు, హాజరు, ఫీజు వివరాలు ఇంట్లోంచే చూసుకోవడానికి నేను ఒక వెబ్ పేజీ తయారుచేశాను. రెండు వారాంతాల్లో ముగించిన పని. మనవాళ్ళలో కొందరు తరతరాలుగా ఇక్కడే ఉన్నవాళ్ళు, వాళ్ళకి ఐసీ నంబర్లుంటాయి. మిగతావాళ్ళు నాలాగా వీసా మీద వచ్చినవాళ్ళు, పాస్‌పోర్టు నంబరే దిక్కు. అందుకని యూజర్ నేముగా పిల్లల ఐసీ లేదా పాస్‌పోర్టు నంబరు, పాస్‌వర్డుగా పుట్టినరోజు పెట్టాను. ఎవరూ మరిచిపోరు, నాకు ఫోన్లు రావు. ఎంత తెలివైనవాణ్ణో అనుకున్నాను.

ఒక శనివారం తరగతి అయ్యాక ఒక అమ్మాయి వచ్చి, "అంకుల్, మా పేజీలో చివర 27 అని ఉంది కదా, దాన్ని 28 చేస్తే ఇంకొకళ్ళ మార్కులు వస్తున్నాయి" అంది. తన స్నేహితురాలికి తనకంటే ఎక్కువ వచ్చాయేమో చూడాలనుకుందట, అంతే. కానీ ఆ పేజీలో మార్కుల కింద ఫీజు కూడా ఉంటుంది. ఆ 28వ నంబరు కుటుంబానికి ఆ ఏడాది కమిటీ ఫీజు మాఫీ చేసింది. తండ్రికి ఉద్యోగం పోయింది. కమిటీలో ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియని సంగతి. నాకు చెప్పడానికి ముందే ఈ అమ్మాయి ఇంకో ఇద్దరికి చూపించింది. ఆ పాప రెండు వారాలు బడికి రాలేదు.

నేను వాళ్ళింటికి వెళ్ళాను. "తప్పు పిల్లలది కాదమ్మా, నాది" అన్నాను. ఆవిడ టీ ఇచ్చి, "అన్నయ్యగారూ, మీరు పాఠాలు చెప్పండి చాలు. మా లెక్కలు కంప్యూటర్లో ఎందుకు?" అన్నారు. కోపంగా కాదు, మెల్లగానే. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ రాత్రే పేజీ ఆపేశాను.

సరే, ఇక పాఠానికి వద్దాం.

కంప్యూటరు తాళాల్లో రెండు వేరు వేరు ప్రశ్నలుంటాయి. "మీరెవరు?" అన్నది మొదటిది. ఇంగ్లీషులో దీన్ని ఆథెంటికేషన్ అంటారు. "మీరు ఏమేం చేయవచ్చు?" అన్నది రెండోది, ఆథరైజేషన్. పేర్లు ఒకేలా వినిపించడం వల్ల ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న ఇంజనీర్లు కూడా కలగాపులగం చేస్తుంటారు. నేనూ చేశాను కనుక ధైర్యంగా అంటున్నాను.

మీరుండే కాండోనే తీసుకోండి. గేటు దగ్గర గార్డు ఆపి ఎవరు, ఏ ఇంటికి అని అడిగి, కార్డు చూసి లోపలికి పంపుతాడు. అది మొదటి ప్రశ్న. లోపలికి వచ్చి లిఫ్టులో యాక్సెస్ కార్డు పెడితే మీ అంతస్తు బటనే వెలుగుతుంది, పన్నెండో అంతస్తువాళ్ళ బటన్ వెలగదు. అది రెండో ప్రశ్న. గార్డు లోపలికి వదిలినంత మాత్రాన అందరి ఇళ్ళ తలుపులూ తెరుచుకోవు కదా. నా పేజీలో గార్డు ఉన్నాడు, లిఫ్టులో మాత్రం అన్ని బటన్లూ వెలుగుతున్నాయి. ఆ అమ్మాయి గోడ దూకలేదు, దొంగతాళం వేయలేదు. వాళ్ళమ్మ పేరుతో సక్రమంగా లోపలికొచ్చి పక్క అంతస్తు బటన్ నొక్కింది, అంతే.

ఆ గార్డైనా గట్టివాడా అంటే అదీ లేదు. తర్వాత కూర్చుని చూసుకుంటే నాకే సిగ్గేసింది. మలేషియా ఐసీ నంబరులో మొత్తం 12 అంకెలు. మొదటి ఆరు పుట్టిన తేదీ: సంవత్సరం, నెల, రోజు. తర్వాతి రెండూ పుట్టిన చోటు. పేరా అయితే 08, సెలాంగోర్ అయితే 10, కౌలాలంపూర్ అయితే 14. చివరి అంకె బేసి అయితే మగ, సరి అయితే ఆడ. సెలాంగోర్‌లో 2012 ఏప్రిల్ 15న పుట్టిన పిల్లవాడి నంబరు 120415-10 అని మొదలవుతుంది. అంటే నేను పెట్టిన యూజర్ నేములోనే పాస్‌వర్డు రాసి ఉంది! తాళంచెవిని తాళానికే దారం కట్టి వేలాడదీసినట్టు. పాస్‌పోర్టువాళ్ళ సంగతి కొంత నయమనుకుందామంటే, పుట్టినరోజుకి తరగతంతా చాక్లెట్లు పంచేది ఈ పిల్లలే.

ఐసీ నంబరు గురించి ఇంకో మాట. అది మీరెవరో చెప్పే నంబరే గాని రహస్యం కాదు. 2001లో మైకాడ్ వచ్చినప్పుడు అందులో చిప్పు పెట్టి, ఫోటోతో పాటు వేలిముద్రల వివరాలు కూడా ఉంచారు. కార్డు మీద అచ్చువేసిన నంబరొక్కటే చాలదనే కదా ఆ ఏర్పాటు. అయినా ఆ నంబరును మనం ఎన్నో ఫారాల మీద రాసి ఇస్తుంటాం. 2017 అక్టోబరులో ఈ దేశపు 4 కోట్ల 62 లక్షల మొబైల్ నంబర్ల వివరాలు బయటపడ్డాయి. వాటిలో పేర్లు, చిరునామాలు, ఐసీ నంబర్లు ఉన్నాయి. అప్పటి జనాభా 3 కోట్ల 20 లక్షల చిల్లర. పదిమందికీ తెలిసిన నంబరు పేరు లాంటిది. పేరు చెప్పినవాడల్లా ఆ మనిషే అని నమ్మితే ఎలా?

పాస్‌వర్డు కథ చాలా పాతది. అమెరికాలో ఎమ్.ఐ.టి. విశ్వవిద్యాలయంలో ఫెర్నాండో కార్బటో బృందం 1961లో ఒకే కంప్యూటరును చాలామంది పంచుకుని వాడుకునే ఏర్పాటు తయారుచేసింది. ఎవరి ఫైళ్ళు వాళ్ళవిగా ఉండాలని పాస్‌వర్డులు పెట్టారు. 1962లోనే అక్కడి పరిశోధక విద్యార్థి అలన్ షెర్, తనకు కేటాయించిన కంప్యూటరు సమయం చాలక, పాస్‌వర్డుల ఫైలును ప్రింటు తీసేసుకున్నాడు. ఆ విషయాన్ని ఆయన చాలా ఏళ్ళ తర్వాత తనే ఒప్పుకున్నాడు. ఆ ఫైలులో పాస్‌వర్డులు ఉన్నవి ఉన్నట్టుగా ఉండబట్టే పట్టుబడ్డాయి.

మరి ఎలా దాచాలి? అమ్మ రోట్లో కొబ్బరి పచ్చడి రుబ్బడం చూశారా? కొబ్బరి, మిర్చి, చింతపండు వేసి రుబ్బాక మళ్ళీ కొబ్బరి ముక్కను వెనక్కి తీయలేం. పాస్‌వర్డునూ అలాగే రుబ్బి, ఆ పచ్చడినే దాస్తారు. దానికి హ్యాష్ అని పేరు. మీరు మళ్ళీ వచ్చి పాస్‌వర్డు కొడితే దాన్నీ అలాగే రుబ్బి, రెండు పచ్చళ్ళూ ఒకటేనా అని చూస్తారు. అసలు పాస్‌వర్డు ఎక్కడా ఉండదు. కానీ ఇద్దరు ఒకే పాస్‌వర్డు పెట్టుకుంటే రెండు పచ్చళ్ళూ ఒకేలా ఉంటాయి, దొంగ ఒకటి కనుక్కుంటే రెండోదీ దొరికిపోతుంది. అందుకని ఒక్కొక్కరికీ వేరు వేరుగా కొన్ని అక్షరాలు చేర్చి రుబ్బుతారు. దాన్ని ఇంగ్లీషులో ఏమంటారో తెలుసా? సాల్ట్! ఉప్పు! ఇది నేను కల్పించింది కాదు. రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ అనే ఇద్దరు యూనిక్స్ ఇంజనీర్లు 1979లో రాసిన వ్యాసంలోనే ఆ మాట ఉంది. ఇవేవీ చేయకుండా పాస్‌వర్డులను మామూలుగా దాచుకున్న రాక్‌యూ అనే కంపెనీ నుంచి 2009 డిసెంబరులో 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డులు బయటికి పోయాయి. వాటన్నిట్లో ఎక్కువమంది పెట్టుకున్నది 123456.

ఇప్పుడు అసలు మరమ్మతు సంగతి. మార్కులు, ఫీజులు దాచే పెట్టెను డేటాబేసు అంటారు. (దత్తాంశనిధి అని రాద్దామనుకున్నాను. మా ఇంట్లోనే ఎవరికీ అర్థం కాలేదు.) మన పెట్టె పేరు పోస్ట్‌గ్రెస్, ఉచితంగా దొరికేదే. నా పాత పేజీ ఆ పెట్టెను ఒకే ఒక్క ఖాతాతో తెరిచేది. ఆ ఖాతాకి అన్ని హక్కులూ ఉన్నాయి. అడిగేది సుబ్బమ్మగారో ఇంకెవరో పెట్టెకు తెలియదు. దానికి కనిపించేది నా ప్రోగ్రామొక్కటే. ఎవరికి ఏం చూపించాలో చూసుకునే భారమంతా ప్రోగ్రాముది, ఆ ప్రోగ్రాములో నేను ఒక వరుస రాయడం మరిచిపోయాను. 27 ఎవరిదో అడిగాను, 28 ఎవరిదో అడగలేదు.

కొత్త ఏర్పాటులో ప్రతి తల్లికీ ప్రతి తండ్రికీ డేటాబేసులోనే సొంత ఖాతా ఉంది. మీరు పేజీలో పేరు, పాస్‌వర్డు కొడితే పేజీ వాటిని నేరుగా డేటాబేసుకి అందిస్తుంది. అవునా కాదా చెప్పేది డేటాబేసే. అక్కణ్ణుంచి మీరు అడిగిన ప్రతిదీ మీ పేరు మీదే లోపలికి వెళుతుంది. నేను మళ్ళీ ఏ వరుసైనా మరిచిపోయినా, "ఈవిడకి ఆ హక్కు లేదు" అని పెట్టే అడ్డుపడుతుంది. చూసే గది పేజీలో వీటీలు కొట్టి ప్రోగ్రామును మోసం చేసే విద్య ఒకటుంది, దాన్ని ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అంటారు. పైన చెప్పిన రాక్‌యూ పోయింది దానివల్లే. అలాంటి దొంగ ఎవరి ఖాతాతో వచ్చాడో ఆ ఖాతా హక్కుల మేరకే చూడగలడు గాని, పెట్టె మొత్తం ఊడ్చుకుపోలేడు.

హక్కులు ఇచ్చే మాట గ్రాంట్, వెనక్కి తీసుకునే మాట రివోక్. వీటి వెనకున్న పద్ధతిని ఐబీఎమ్‌వారి శాన్ హోసే పరిశోధనశాలలో పెట్రీషియా గ్రిఫిత్స్, బ్రాడ్‌ఫర్డ్ వేడ్ 1976లో ప్రకటించారు. అందులో నాకు బాగా నచ్చిన ముక్క ఒకటుంది. ఉగాది కార్యక్రమానికి కొట్టుగది తాళం కమిటీ పెద్దాయన వంటాయనకి ఇచ్చి, "కావాలంటే నువ్వు ఇంకొకరికి ఇచ్చుకో" అన్నారనుకోండి. వంటాయన తన మేనల్లుడికి ఇంకో తాళంచెవి చేయించి ఇచ్చాడు. తర్వాత పెద్దాయన వంటాయన హక్కు తీసేస్తే మేనల్లుడి సంగతేమిటి? వాళ్ళ పద్ధతిలో మేనల్లుడిదీ పోతుంది, అతనికి వేరే దారిలో వచ్చిన హక్కు ఉంటే తప్ప. మామూలు తాళాలతో ఈ సదుపాయం లేదని మన హాలు నడిపేవాళ్ళకి బాగా తెలుసు.

ఒక్కొక్కరికీ విడివిడిగా గ్రాంట్ చేస్తూ కూర్చుంటే తెల్లారుతుంది. అందుకని వేషాలు పెట్టుకుంటాం, వాటిని రోల్ అంటారు. మనకి మూడున్నాయి: తల్లిదండ్రులు, మాస్టార్లు, కోశాధికారి. పోస్ట్‌గ్రెస్‌లో పట్టికల పేర్లు తెలుగు అక్షరాల్లోనే పెట్టుకోవచ్చు. ఈ సంగతి చెప్పినప్పుడు ఆరో తరగతి పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆజ్ఞ మాత్రం ఇంగ్లీషే. ఇక్కడ పలికినట్టు రాస్తున్నాను:

గ్రాంట్ సెలెక్ట్ ఆన్ నా_పిల్లల_మార్కులు టు తల్లిదండ్రులు;

సెలెక్ట్ అంటే చూడడం. ఇందులో మార్పులు చేయడానికి హక్కు లేదు. అసలు మార్కుల పట్టిక మీద తల్లిదండ్రులకి ఏ హక్కూ ఇవ్వలేదని గమనించండి. ఇచ్చింది "నా_పిల్లల_మార్కులు" అనే కిటికీ మీద. కిటికీని వ్యూ అంటారు. లోపల ఏ ఖాతా ఏ పిల్లవాడికి సంబంధించిందో రాసిన చిన్న పట్టిక ఒకటుంది. కిటికీ తెరిచినవారి ఖాతా పేరును కరెంట్ యూజర్ అనే మాటతో కనుక్కుని, ఆ ఖాతాకి సంబంధించిన పిల్లల వరుసలే చూపిస్తుంది. కిటికీ అందరికీ ఒకటే, తొంగిచూసే మనిషిని బట్టి దృశ్యం మారుతుంది. అడ్రసులో 28 కాదు, 2800 కొట్టుకోండి, ఏమీ రాదు. మాస్టార్లు మార్కులు దిద్దగలరు గాని వాళ్ళకి ఫీజు పట్టిక ఉందనే తెలియనవసరం లేదు. ఫీజు పట్టిక మొత్తం చూడగలిగేది కోశాధికారిగారు ఒక్కరే. మాఫీ అయిన వివరం ఆ కుటుంబానికి కూడా "బాకీ లేదు" అనే కనిపిస్తుంది. ఇది కంప్యూటరు విద్య కాదు, మా ఆవిడ చెప్పిన సలహా.

అన్నీ చూడగలిగే ఖాతా ఇంకోటి ఉంది, అది నాది. దాన్ని దాచడం న్యాయం కాదు కనుక చెబుతున్నాను. మరమ్మతులకి తప్ప ఆ ఖాతా వాడను. నా పిల్లల మార్కులు నేను చూసుకునేది మీలాంటి మామూలు ఖాతాతోనే.

ఇందులో ఇబ్బందులు లేవా అంటే చాలా ఉన్నాయి. ఐటీలో ఉన్న అన్నలు ఈపాటికే "ఇలా ఎవరు చేస్తారండీ" అనుకుంటూ ఉంటారు, నిజమే. బ్యాంకులు లక్షలమంది ఖాతాదారులకి ఇలా డేటాబేసు ఖాతాలు ఇవ్వవు. ఒకరు లోపలికి వస్తే ఒక కనెక్షన్ పడుతుంది, పోస్ట్‌గ్రెస్ మామూలుగా అనుమతించేది 100 కనెక్షన్లే. ఫలితాల రోజున మన అరవై కుటుంబాలూ ఒకేసారి వచ్చినా సర్దుకుంటుంది, ఆరువందలైతే సర్దుకోదు. పెద్ద సంస్థల్లో ప్రోగ్రాము కొద్దిపాటి కనెక్షన్లను అందరికీ తిప్పి తిప్పి వాడుతుంది, ఎవరెవరన్న లెక్క తనే చూసుకుంటుంది. రెండో ఇబ్బంది, వెబ్ పేజీకి మతిమరుపు ఎక్కువ. ప్రతి క్లిక్కుకీ మిమ్మల్ని కొత్తగా చూస్తుంది. డేటాబేసుకి ప్రతిసారీ పాస్‌వర్డు చూపించాలి కనుక, మీరు పేజీలో ఉన్నంతసేపూ దాన్ని సర్వరు జ్ఞాపకంలో ఉంచుకోవలసి వస్తుంది. నాకు నచ్చని భాగం ఇదే. పదిహేను నిమిషాలు మీరు కదలకపోతే చెరిపేస్తున్నాను, అందుకే పేజీ మాటిమాటికీ మళ్ళీ లాగిన్ అడుగుతుంది. తిట్టుకోకండి.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. డేటాబేసు ఖాతా అంటే వెబ్ పేజీ ఖాతా మాత్రమే కాదు, పెట్టె తాళమే మీ చేతిలో ఉన్నట్టు. పేజీని పక్కనపెట్టి 5432 అనే తలుపు గుండా నేరుగా పెట్టె దగ్గరికి వెళ్ళాలని ఎవరైనా చూడవచ్చు. కాబట్టి ఆ తలుపు వెబ్ సర్వరుకి తప్ప ఎవరికీ తెరుచుకోకుండా కట్టేశాను. పోస్ట్‌గ్రెస్ 15 రాకముందు, అంటే 2022కి ముందు, ఏ ఖాతా ఉన్నవారైనా పబ్లిక్ అనే గదిలో కొత్త పట్టికలు చేసుకోగలిగేవారు. పాత వెర్షన్లు వాడేవాళ్ళు ముందు దాన్ని రివోక్ చేసుకోండి. డేటాబేసుతో వచ్చే నమూనా ఖాతాల విషయంలోనూ జాగ్రత్త. ఒరాకిల్ నేర్చుకున్న మా తరం వాళ్ళెవరినైనా అడగండి, స్కాట్ అనే యూజరు, టైగర్ అనే పాస్‌వర్డు నిద్రలో లేపినా చెబుతారు. బ్రూస్ స్కాట్ ఆ కంపెనీ తొలి ఉద్యోగుల్లో ఒకరు, టైగర్ వాళ్ళింటి పిల్లి. ప్రపంచంలో అందరికీ తెలిసిన పిల్లి పేరు పాస్‌వర్డుగా ఎన్ని ఆఫీసుల్లో ఉండిపోయిందో!

మలేషియాలో 2013 నవంబరు 15 నుంచి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అమలులో ఉంది. అది వాణిజ్య వ్యవహారాల కోసం చేసిన చట్టం. మనలాంటి వారాంతపు బడికి వర్తిస్తుందా లేదా అని కమిటీలో ఒక పూట చర్చ జరిగింది. వర్తించకపోతే ఆ పాప రెండు వారాలు ఇంట్లో కూర్చోవడం సరైపోతుందా అని మన కార్యదర్శిగారు అడిగారు. చర్చ అక్కడితో ఆగింది.

ఇప్పుడు మీరు చేయవలసింది: కవర్లో ఇచ్చిన పాస్‌వర్డుతో ఒకసారి లోపలికి వెళ్ళి, వెంటనే మీకు నచ్చినది పెట్టుకోండి. మీ ఖాతా పాస్‌వర్డును మీరే మార్చుకునే హక్కు మీకుంది. నాకు చెప్పకండి. మరిచిపోతే నేను కొత్తది ఇవ్వగలను గాని పాతది చెప్పలేను, పచ్చడి సంగతి గుర్తుంది కదా. బడి మానేసినవారి ఖాతాలు తీసేయను, లాగిన్ హక్కు మాత్రం తీసేస్తాను. తిరిగి వస్తే మళ్ళీ ఇస్తాను.

ఆ 28వ నంబరు పాప బడికి తిరిగి వస్తోంది. పేజీ మళ్ళీ తెరిచిన వారం, ఆ పాప, 27వ నంబరు అమ్మాయి కలిసే నా దగ్గరికి వచ్చారు. విజయవాడలో ఉన్న అమ్మమ్మగారు కూడా మార్కులు చూడాలంటున్నారట, ఆవిడకీ ఖాతా ఇస్తారా అని అడిగింది పాప. ఇస్తాను, ఏమేం చూడవచ్చో నువ్వే చెప్పమన్నాను. ఇద్దరూ పక్కకి వెళ్ళి కాసేపు మాట్లాడుకుని వచ్చారు. తెలుగు మార్కులు చూడవచ్చు, హాజరు చూడవచ్చు, ఫీజు వద్దు. నాన్న ఉద్యోగం సంగతి అమ్మమ్మకి ఇంకా చెప్పలేదట. అమ్మ ఒప్పుకున్నాక బంధువులు అని నాలుగో రోల్ చేశాను. దానికి రెండు కిటికీల మీదే హక్కు.

డేటాబేసు ఎవరు ఎప్పుడు వచ్చారో రాసి పెట్టుకుంటుంది. ఇప్పుడు అందరూ సొంత ఖాతాతో వస్తారు కనుక అందులో అసలు పేర్లే ఉంటాయి. ప్రతి శనివారం సాయంత్రం మాస్టార్లు మార్కులు ఎక్కిస్తారు. ఆదివారం ఉదయం మనకి 8:30 అయ్యేసరికి, అంటే విజయవాడలో 6 గంటలకి, ఆ రోజు పుస్తకంలో మొదటి పేరు ఆ అమ్మమ్మగారిదే ఉంటుంది.